విదేశీ అనాథాశ్రమంలో సేవకు వెళ్లేముందు: ఆ పిల్లలకు అమ్మానాన్నలు ఉన్నారా?

మా వెనకింటి అమ్మాయి హనుమకొండలో ఫిజియోథెరపీ మూడో సంవత్సరం చదువుతోంది. ఎండాకాలం సెలవులకు ముందు ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. "అత్తా, రెండు వారాలు కంబోడియా పోదామనుకుంటున్న. అక్కడ వికలాంగ పిల్లల ఆర్ఫనేజ్ ఉందట. పిల్లలతోటి ఆడుడు, అన్నం తినిపిచ్చుడు, ఎక్సర్‌సైజులు చేయిచ్చుడు. సర్టిఫికెట్ గూడ ఇస్తరట. నాన్న నిన్నడిగి పొమ్మన్నడు" అంది. ఒక ఫొటో చూపించింది. వీల్‌చైర్‌లో ఆరేళ్ల పాప, పక్కన మోకాళ్ల మీద కూర్చుని నవ్వుతున్న ఒక విదేశీ అమ్మాయి. పాప కాళ్లు కింది పలకకు అందక గాల్లో వేలాడుతున్నాయి. ఆ వీల్‌చైర్ పెద్దవాళ్లది.

నేను పరకాల వైపు ఒక భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు టీచర్‌ని. పద్నాలుగేళ్లుగా ఇదే పని. "పోవద్దు" అని ఒక్క మాటతో ఆ పిల్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లాలనిపించలేదు. "పో బిడ్డా, మంచి పని" అనడానికి నోరూ రాలేదు. మూడు నాలుగు సాయంత్రాలు కూర్చుని ఈ చిక్కును పోగు పోగుగా విడదీసుకున్నాం. చాలామంది ఇళ్లలో ఇప్పుడు ఇదే ప్రశ్న వస్తోంది కాబట్టి ఆ మాటలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

అనాథ అంటే ఎవరు?

మొదటి ముడి ఈ మాటలోనే ఉంది. అనాథ అంటే అమ్మానాన్నలు చనిపోయిన బిడ్డ అని మనం అనుకుంటాం. కంబోడియాలో 2005 నుంచి 2010 వరకు ఐదేళ్లలో అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగిందని యూనిసెఫ్ లెక్క. అప్పటికి అక్కడ యుద్ధం ముగిసి చాలా కాలమైంది, నిజమైన అనాథల సంఖ్య తగ్గుతోంది. ఆశ్రమాల్లో ఉన్న ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో ఎవరో ఒకరు బతికే ఉన్నారు. మరి ఆశ్రమాలు ఎందుకు పెరిగాయి? అంగ్‌కోర్ వాట్ చూడటానికి వచ్చే పర్యాటకులు పెరిగారు కాబట్టి. గుడి చూసి, ఒక పూట పిల్లలతో గడిపి, డబ్బిచ్చి వెళ్లడం ఒక అలవాటుగా మారింది. చూడటానికి వచ్చేవాళ్లు ఉంటే చూపించడానికి పిల్లలు కావాలి.

నేపాల్‌లోనూ ఇదే కథ. 1996 నుంచి 2006 వరకు అంతర్యుద్ధం సాగిన కాలంలో హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల నుంచి దళారులు పిల్లల్ని ఖాట్మండు తీసుకొచ్చారు. మంచి బడిలో చదివిస్తామని తల్లిదండ్రులను నమ్మించి డబ్బులు కూడా తీసుకున్నారు. ఈ రోజుకీ అక్కడి ఆశ్రమాల్లో ఎక్కువ భాగం ఖాట్మండు, పోఖరా లాంటి పర్యాటకులు తిరిగే ప్రాంతాల్లోనే ఉన్నాయి.

ఆ తల్లిదండ్రులు మనసు లేనివాళ్లు కారు. మన దగ్గర ములుగు, భూపాలపల్లి అడవి ఊళ్ల నుంచి పిల్లల్ని హాస్టల్‌కో గురుకులానికో పంపేటప్పుడు తల్లి ఏమనుకుంటుంది? నా బిడ్డ నాలుగక్షరాలు నేర్చుకుంటాడు, మూడు పూటలా తింటాడు అనుకుంటుంది. హుమ్లా తల్లి అనుకున్నదీ అదే. తేడా ఏమిటంటే మన హాస్టల్ పిల్లవాడు దసరాకు, సంక్రాంతికి ఇంటికి వస్తాడు. అక్కడ మాత్రం బిడ్డ కాగితాల మీద తల్లి చనిపోయినట్టు రాశారు.

వైకల్యం ఉన్న బిడ్డ దారి వేరు

ఇప్పటిదాకా చెప్పింది మామూలు పిల్లల సంగతి. వైకల్యం ఉన్న పిల్లలు ఆశ్రమానికి చేరే దారి ఇంకోలా ఉంటుంది. చాలాసార్లు అక్కడ దళారీ ఉండడు. తల్లే స్వయంగా తీసుకెళ్లి వదిలిపెడుతుంది.

రొమేనియాను చూడండి. 1966లో చౌషెస్కు ప్రభుత్వం జనాభా పెంచాలని గర్భస్రావాలను నిషేధించింది. పెంచలేని పిల్లల్ని సర్కారు ఆశ్రమాలకు ఇచ్చేయడం మామూలైపోయింది. మూడేళ్లు నిండగానే పిల్లల్ని పరీక్షించి వేరుచేసేవాళ్లు. వైకల్యం ఉన్నవాళ్లకు "బాగుపడనివాళ్లు" అని ముద్ర వేసి వేరే భవనాలకు పంపేవాళ్లు. 1989 డిసెంబర్‌లో ఆ ప్రభుత్వం కూలాక కెమెరాలు లోపలికి వెళితే, ఇనుప మంచాలకు అంటుకుపోయిన పిల్లలు ప్రపంచానికి కనిపించారు. మొత్తం లక్ష మందికి పైగా పిల్లలు అలాంటి సంస్థల్లో ఉన్నారు.

అది పాత కథ అనుకోవడానికి లేదు. మన వరంగల్, కరీంనగర్ పిల్లలు ఎంబీబీఎస్ కోసం వెళ్లిన ఉక్రెయిన్‌లో 2022 యుద్ధానికి ముందు 90 వేలకు పైగా పిల్లలు సంస్థల్లో, బోర్డింగ్ బడుల్లో ఉండేవారు. వాళ్లలో సగం మందికి ఏదో ఒక వైకల్యం ఉంది. ఎక్కువమందికి ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఉన్నారు.

ఎందుకిలా? నా పనిలో ప్రతి వారం కనిపించే సంగతి కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ఒక ఊళ్లో నడవలేని బిడ్డ పుట్టాడు అనుకుందాం. తండ్రి మస్కట్‌లో, తల్లి కూలికి పోతుంది. థెరపీ కావాలంటే నలభై కిలోమీటర్లు వెళ్లాలి. వెళ్లిన రోజు కూలి పోయినట్టే. బిడ్డ బరువు పెరిగేకొద్దీ చంకనెత్తుకుని బస్సెక్కడం కుదరదు. బడిలో "మా దగ్గర చూసేవాళ్లు లేరమ్మా" అంటారు. చుట్టాలు "ఎన్ని రోజులు చూస్తవు?" అంటారు. ఇప్పుడు ఎవరో వచ్చి, ఫలానా చోట తిండి, మందులు, థెరపీ అన్నీ ఉచితమని చెబితే ఆ తల్లి ఏం చేస్తుంది? ప్రేమ తగ్గి ఇవ్వదు. బిడ్డకు కావలసినవన్నీ ఆ గోడల లోపలే ఉన్నాయి, తన ఊళ్లో ఏదీ లేదు. అందుకని ఇస్తుంది.

నాకు అర్థమైనంతలో ఈ చిక్కు మొత్తానికి అసలు ముడి ఇదే. థెరపీ ఎక్కడ పెడితే బిడ్డ అక్కడికే చేరుతుంది. ఆశ్రమంలో పెడితే ఆశ్రమానికి, ఊళ్లో పెడితే ఊళ్లోనే. విదేశాల నుంచి వచ్చే విరాళాలు, వీల్‌చైర్లు, వాలంటీర్లు అన్నీ ఆశ్రమానికే చేరుతున్నప్పుడు, మంచి మనసుతో ఇచ్చిన ప్రతి రూపాయీ తల్లీబిడ్డల మధ్య దూరాన్ని ఇంకొంచెం పెంచుతుంది.

ఒకే మనిషి

"సరే అత్తా, అమ్మ ఉన్నా లేకున్నా ఇప్పుడైతే ఆ పాప ఆశ్రమంల ఉంది కదా. నేను పోయి రెండు వారాలు ప్రేమగ చూసుకుంటె తప్పేంది?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు కూడా రొమేనియా నుంచే దొరికింది.

చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 2000 ప్రాంతంలో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఆశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని చీటీ తీసినట్టు ఎంపిక చేసి పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగతా సగం మంది ఉన్నచోటే ఉన్నారు. ఏళ్ల తరబడి రెండు గుంపుల ఎదుగుదలనూ పోల్చి చూశారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు తెలివితేటల్లో, మాటలో, మనుషులతో అల్లుకునే బంధంలో ముందుకు వెళ్లారు. రెండేళ్ల లోపు వెళ్లినవాళ్లకు మేలు ఎక్కువ జరిగింది. ఆశ్రమంలో పెరిగినవాళ్ల మెదడు చురుకుదనం కూడా తక్కువగా నమోదైంది.

ఇందులో ఒక వివరం నన్ను చాలా కలవరపెట్టింది. పుట్టుకతో స్పష్టమైన జన్యు సమస్యలు ఉన్న పిల్లల్ని ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. అంటే ఏ లోపమూ కనిపించని పిల్లలు కూడా కేవలం ఆశ్రమంలో ఉన్నందుకే వెనకబడ్డారు. ఇక ముందే వైకల్యం ఉన్న బిడ్డ సంగతి మీరే ఊహించుకోండి.

పసిబిడ్డకు కావలసింది ఒకే మనిషి. ఏడిస్తే రోజూ అదే ముఖం రావాలి. బాగా చూసే పదిమంది వంతులవారీగా వస్తే ఆ లోటు తీరదు. రెండు వారాలకొక వాలంటీర్ చొప్పున ఏడాదికి ఇరవై ఆరు మంది. ఇరవై ఆరు సార్లు దగ్గరవడం, ఇరవై ఆరు సార్లు విడిపోవడం.

నేను కూడా చదువుకునే రోజుల్లో ఒక సంస్థలో పదిహేను రోజులు అలా పనిచేశాను. మొదటి రోజే ఒక పాప, ఏడెనిమిదేళ్లుంటాయి, నా చున్నీ పట్టుకుని వదల్లేదు. ఎంత ప్రేమ అనుకుని పొంగిపోయాను. మాట సరిగా రాని పాప. రోజూ సాయంత్రం నేను చెప్పులు వేసుకునేటప్పుడు "రేపొత్తవా?" అనేది. ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా అనేది. వస్తానని చెప్పేదాన్ని. పదిహేనో రోజు కూడా వస్తాననే చెప్పి వచ్చేశాను, నిజం చెప్పడానికి ధైర్యం చాలక. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఒళ్లోకి పిల్లలు పరిగెత్తుకు రావడం ఆశ్రమ జీవితం వేసిన ముద్ర అని తర్వాత చదువులో తెలుసుకున్నాను. ఇంట్లో పెరిగే బిడ్డ కొత్తవాళ్లను చూస్తే ముందు అమ్మ కొంగు చాటుకు పోతుంది. కొంగు లేని బిడ్డ ఎవరొచ్చినా వాళ్లనే పట్టుకుంటుంది.

చేతికి తెలియాల్సిన పని

వైకల్యం ఉన్న పిల్లల దగ్గర మనసు ఉంటే చాలదు. అన్నం తినిపించడమే తీసుకుందాం. ప్రకటనలో ఆ అమ్మాయికి చాలా తేలికగా అనిపించిన పని అదే.

సెరిబ్రల్ పాల్సీ, అంటే పసితనంలోనే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి, ఉన్న చాలామంది పిల్లలకు మింగే కండరాలు సరిగా కుదరవు. అలాంటి బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి ముద్ద పెడితే అది గాలిగొట్టంలోకి పోవచ్చు. పైకి దగ్గు కూడా రాకపోవచ్చు. పదే పదే అలా జరిగితే నెమ్ము చేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. నడుము నిటారుగా ఉండేలా కూర్చోబెట్టాలి. తల కొంచెం ముందుకు వంగి ఉండాలి. చెంచా ఎదురుగా, కింది పెదవి ఎత్తులో రావాలి. పలచని చారన్నం కంటే మెత్తగా కలిపిన చిక్కటి ముద్ద మేలు. మింగాడో లేదో గొంతు చూసి తెలుసుకుని, అప్పుడు రెండో చెంచా. ఒక్క గిన్నెకు నలభై నిమిషాలు పడుతుంది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ప్రతి బిడ్డకూ ఇందులో కొద్దికొద్ది తేడాలుంటాయి, అవి రోజూ పెట్టే మనిషికే తెలుస్తాయి. భాష రాని, బిడ్డ గురించి రాసిపెట్టిన వివరాలు చదవలేని కొత్త వాలంటీర్ చేతికి ఆ చెంచా ఇవ్వడం ప్రమాదం.

మన దేశంలో 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయాలంటే పేరు నమోదై ఉండాలి. నా దగ్గరికి రేపు ఒక విదేశీ డిగ్రీ విద్యార్థి వచ్చి మా పిల్లలకు రెండు వారాలు థెరపీ చేస్తానంటే మనం ఒప్పుకుంటామా? ఒప్పుకోం. మన పిల్లలకు వద్దన్నది కంబోడియా పిల్లలకు ఎలా సరిపోతుంది?

రక్షణ సంగతి ఇంకా కష్టమైనది. వైకల్యం ఉన్న పిల్లలు హింసకు గురయ్యే అవకాశం మిగతా పిల్లల కంటే దాదాపు 3.7 రెట్లు ఎక్కువని 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ చెప్పింది. తనకేం జరిగిందో చెప్పలేని బిడ్డ దగ్గరికి, ఫీజు కట్టిన ఎవరినైనా పంపే ఆశ్రమం మంచి ఆశ్రమం కాదు. మా వెనకింటి అమ్మాయి చూసిన ఫారంలో పాస్‌పోర్ట్ కాపీ, ఫీజు, టీషర్ట్ సైజు అడిగారు. పోలీస్ వెరిఫికేషన్ అడగలేదు. నాకు అన్నింటికంటే టెన్షన్ పెట్టింది అదే.

చట్టం ఏమంటోంది

అంతర్జాతీయంగా గాలి మారింది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం, బిడ్డకో తల్లిదండ్రులకో వైకల్యం ఉందన్న కారణంతో వాళ్లను విడదీయకూడదని చెబుతుంది. మన దేశం 2007లో దాన్ని ఆమోదించింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 9వ సెక్షన్ కూడా, బిడ్డ మేలు కోసం కోర్టు ఆదేశిస్తే తప్ప వైకల్యం పేరుతో తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదంటుంది. 2018లో ఆధునిక బానిసత్వంపై చట్టం తెచ్చిన ఆస్ట్రేలియా, ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని కూడా ఆ కోవలోనే గుర్తించింది. 2019 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం అనాథాశ్రమాల్లో వాలంటీర్ కార్యక్రమాల వల్ల జరిగే హాని గురించి తీర్మానంలోనే ప్రస్తావించింది. ఇంకో చిన్న విషయం, చాలా దేశాల్లో టూరిస్ట్ వీసా మీద జీతం లేని పని చేయడం కూడా నిబంధనలకు విరుద్ధమే.

అయితే ఎవరూ వెళ్లకూడదా?

అలా అనను. ఆశ్రమాలను రాత్రికి రాత్రి మూసేస్తే ముందుగా నష్టపోయేది వైకల్యం ఉన్న పిల్లలే. మిగతా పిల్లలు ఇళ్లకు తిరిగి వెళ్తుంటే చివరిదాకా మిగిలిపోయేది వాళ్లే. వాళ్లను చూసుకునే ఆయాలు తక్కువ జీతానికి, ఒక్కొక్కరు పది పదిహేను మందిని చూస్తూ నడుం విరిగేలా పనిచేస్తుంటారు. ఆ ఆయాలకు పని నేర్పగలిగిన మనిషి వెళ్తే మేలు జరుగుతుంది. అనుభవం ఉన్న ఫిజియోథెరపిస్ట్, బిడ్డ కొలతలకు కుర్చీ కుదిర్చే నిపుణుడు, మింగే సమస్యలు తెలిసిన స్పీచ్ థెరపిస్ట్ లాంటివాళ్లు నెలల తరబడి ఉండి, అక్కడి సిబ్బంది వెనక నిలబడి నేర్పి, తాము వెళ్లిపోయినా పని సాగేలా చేసి రావాలి. బిడ్డను ఎత్తుకునే చేతులు ఆయావే కావాలి, ఎందుకంటే రేపు కూడా ఉండేది ఆమే.

కాబట్టి ఆ సంస్థకు ఒక మెయిల్ రాద్దామన్నాను. ఇద్దరం కూర్చుని రాశాం. మీ దగ్గరున్న పిల్లల్లో ఎందరికి తల్లిదండ్రులున్నారు, పోయిన ఏడాది ఎందరు ఇంటికి తిరిగి వెళ్లారు, వెళ్లినవాళ్లకు ఇంటి దగ్గర థెరపీ ఎవరు చేస్తున్నారు, నా ఫీజులో ఎంత ఆయాల జీతాలకు పోతుంది, నేను చేసే పనిని అక్కడి మనిషికి జీతమిచ్చి చేయించవచ్చు కదా, పిల్లల ఫొటోలు ఎవరి అనుమతితో పెడుతున్నారు అని అడిగాం. మూడు రోజులకు జవాబొచ్చింది. ఫీజు మీద పది శాతం తగ్గింపు ఇస్తామన్నారు. మిగతా ప్రశ్నల ఊసే లేదు.

అప్పుడు ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. నాకు కష్టంగానే అనిపించింది. ఆ వయసులో ఎవరికో ఉపయోగపడాలని ఉండటం చిన్న విషయం కాదు.

పరకాల దగ్గర

మన దగ్గరా ఇదే జరుగుతోందని నేను తనకు చెప్పకుండా ఉండలేకపోయాను. పుట్టినరోజు వస్తే ఆశ్రమానికి కేకు, పండ్లు తీసుకెళ్లి పిల్లలతో పాట పాడించుకుని ఫొటో దిగుతాం. దుబాయ్ నుంచో అమెరికా నుంచో మనవాళ్లు ఒక పూట భోజనానికి డబ్బు పంపుతారు. మనసు మంచిదే. కానీ ఆ పిల్లల్లో ఎందరికి తల్లి ఉంది, ఆ తల్లికి ఏమిస్తే బిడ్డను ఇంట్లోనే ఉంచుకోగలదు అని మనలో ఎంతమందిమి అడిగాం?

ఇంట్లో ఉంచుకోవడానికి కొన్ని దారులున్నాయి, అవి చేరాల్సిన వాళ్లకు చేరడం లేదు. వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన ఉంటే సాధారణంగా తెలంగాణలో పింఛన్ వస్తుంది, 2023లో దాన్ని 4,016 రూపాయలు చేశారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. భర్త చనిపోయిన తల్లుల పిల్లల్లాంటి అర్హులకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. భవిత కేంద్రాలున్నాయి, బడికి రాలేని పిల్లల ఇంటికే మేం వెళ్తాం. కానీ వైకల్య సర్టిఫికెట్ కోసం స్లాట్ బుక్ చేయడం, ఆధార్‌లో పేరు తప్పుంటే దిద్దించడం, బిడ్డనెత్తుకుని క్యాంపులో రోజంతా నిలబడటం ఒంటరి తల్లికి కొండంత పని. సెల్‌ఫోన్ వాడటం వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి పక్కన ఉంటే చాలు, సగం బరువు తగ్గుతుంది.

ఆ నెలలోనే ఒక శనివారం ఆ అమ్మాయి నా వెంట వచ్చింది. మేం వెళ్లిన ఇంట్లో ఐదేళ్ల బాబు, సెరిబ్రల్ పాల్సీ. ఏడాదిలో మూడుసార్లు నెమ్ము చేసి ఆసుపత్రిలో పెట్టారు. తల్లి కూలికి పోతే నానమ్మే చూస్తుంది. మేం వెళ్లేసరికి ఆ అవ్వ గడప మీద కాళ్లు చాపుకుని, బాబును కాళ్ల మీద వెల్లకిలా వేసుకుని పాలన్నం పెడుతోంది. నలుగురు పిల్లల్ని పెంచిన చేయి అది, అలాగే పెట్టింది, ఎవరూ చనిపోలేదు. ఆమెకు తప్పు అని చెబితే వినదు.

మా అమ్మాయి ఆమెను ఏమీ అనలేదు. పక్కన కూర్చుని, "అవ్వా, నువ్వొకసారి తల ఎనుకకు వంచి మంచినీళ్లు తాగు" అంది. అవ్వ తాగబోయి పొలమారి దగ్గింది. "ఇప్పుడు తల ముందుకు పెట్టి తాగు." తాగింది. అవ్వ కాసేపు బాబు వైపు చూసింది. తర్వాత తనే లేచి లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. పాత చీర మడిచి నడుము వెనక పెట్టాం, ఇంకో గుడ్డతో వదులుగా కట్టాం. కాళ్ల కింద పీట వేశాం. చెంచా అవ్వ చేతిలోనే ఉంది. బాబు మింగినప్పుడు గొంతు ఎలా కదులుతుందో ఆమె వేలు పట్టుకుని చూపించింది మా అమ్మాయి. ఆరో చెంచా దగ్గర అవ్వ తనంతట తనే ఆగి, మింగిందాకా చూసి, అప్పుడు ఏడోది పెట్టింది.

మేం లేస్తుంటే "మళ్లెప్పుడొస్తరు బిడ్డా?" అంది అవ్వ. మా అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. తన పరీక్షల తేదీలు ఫోన్‌లో చూసుకుంది. తర్వాత గోడ మీద క్యాలెండర్ దగ్గరికి పోయి, రెండు వారాల తర్వాత వచ్చే శనివారం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. దాని కింద రెండు వారాలకు ఇంకో సున్నా.